మన్సూరా దారిలో మూడు వేళ్లు

మూత రంపం పళ్ల మీదికి దించి ఉంచాలి. తోపుడు కర్ర కుడిచేతి పక్కనే వేలాడదీయాలి. జుబ్బా చేతులు మోచేతి పైకి మడవాలి. రంపం దానంతటదే ఆగాలి, చెక్కముక్కతో అదిమి ఆపకూడదు. పొట్టు చేత్తో కాదు, చీపురుతో తోయాలి. కరెంటు తీసేశాకే బ్లేడు మార్చాలి. చేతితొడుగులు వేసుకోవాలి.

ఏడు లైన్లు. ఏడూ సమాహ్ తన చేత్తో అట్టముక్క మీద నల్ల మార్కరుతో రాసి నైలునది ఒడ్డున దమియెట్టాలో నాన్న చెక్కపని కార్ఖానా గోడకు కొట్టినవి. కొట్టి నెల కూడా కాలేదు. ఇప్పుడు బయూమి మామయ్య నడుపుతున్న చిన్న ట్రక్కులో ముందు సీటు మధ్యన కూర్చుని ఆ ఏడు లైన్లనూ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతోంది, ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మళ్లీ మొదటికి వెళ్తోంది. ఒడిలో చేపలవాళ్ల థర్మోకోల్ పెట్టె. పెట్టెలో మంచు. మంచులో నాన్న ఎడమచేతి వేళ్లు మూడు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. నాన్న కిటికీ పక్కన ఉన్నాడు, కట్టు కట్టిన చేతిని నిండు టీ గ్లాసు పట్టుకున్నవాడిలా ఎత్తి పట్టుకుని, రోడ్డు గతుకు వచ్చినప్పుడల్లా ఒలకకుండా చూసుకుంటున్నాడు. దమియెట్టా ఆసుపత్రిలో కట్టు కట్టినాయన చెప్పాడు, ఇక్కడ రక్తం ఆపగలం, వేళ్లు అతికేది మన్సూరాలోనే, తెగిన దగ్గర్నించి ఆరు గంటలు దాటితే లాభం లేదు, వెంటనే బయల్దేరండి అని. తెగింది పదిన్నరకి. ఇప్పుడు ఒంటిగంట. ఆమె తను పనిచేసే ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి పరుగున వచ్చేసరికి ట్రక్కు ఇంజను ఆపకుండా ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంది. మామయ్య సీటు కింద నుంచి పెట్టె తీసి ఒళ్లో పెట్టాడు. పదిలంగా దాచానమ్మా, లోపలికి కూడా తీసుకెళ్లలేదు, ఎవరైనా పారేస్తారని, అన్నాడు.

ట్రక్కు వెనక భాగంలో సోఫా చట్రాలు రెండు, దించడానికి టైము లేక అలాగే వచ్చేశాయి, ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు సమాహ్‌కు ఉగ్గుపాలతో వచ్చిన చప్పుడు, చెక్క మీద చెక్క. వాళ్ల వీధిలో పొద్దున్నే కోళ్లు కూయవు, రంపాలు కూస్తాయి. రంపపు పొట్టు పప్పులో పడుతుంది, పక్కలో పడుతుంది, తల దువ్వుకుంటే దువ్వెనలోకి వస్తుంది. ఆ వీధిలో మనుషుల్ని వేళ్లతో గుర్తుపట్టేవారు. అరవేలు హంజా, రెండువేళ్ల ఇస్సా. బయూమి మామయ్యకు కుడి బొటనవేలు లేదు. టీ కొట్టువాడి వైపు చెయ్యి ఎత్తి ఐదు అంటే వాడు నాలుగే తెచ్చేవాడు, మామయ్య తిట్టేవాడు, వాడు నవ్వుతూ, నువ్వు చూపించినన్నే తెచ్చాను గదా మేస్త్రీ అనేవాడు. పదివేళ్లూ ఉన్నవాడు ఇంకా పనిలో చేరనట్టే లెక్క అని వాళ్లలో మాట. యాభైనాలుగేళ్లు వచ్చినా పదివేళ్లతో మిగిలినవాడు వీధి మొత్తానికి నాన్న ఒక్కడే. షహాతా, వేళ్లు ఏ పెళ్లికి దాచుకున్నావోయ్ అని ఏడిపించేవారు. నాన్న పని చేసుకుపోయేవాడు. ఆ ఏడిపింపు ఆయనకు ఇష్టమని ఇంట్లో వాళ్లకు తెలుసు.

మూత ఏనాడూ దించలేదు. రంపంతో వచ్చిన మూత గోడకు మేకు మీద వేలాడేది, అందులో పెన్సిళ్లు వేసేవారు. మూత ఉంటే గీత కనపడదంటాడు. తోపుడు కర్ర వాడడు, కర్రకు చెక్క మాట వినపడదంటాడు. నాన్న పద్ధతి వేరు. ఆ పద్ధతి ఆయన తండ్రి నేర్పింది. రంపం తిరుగుతున్నప్పుడు పళ్ల చుట్టూ ఒక గాలి పుడుతుంది, సన్నగా, చల్లగా; వేలి చివర ఆ గాలి తగిలిందంటే ఇంకో రెండంగుళాలే ఉన్నట్టు, అక్కడ ఆగాలి. కళ్లు అలిసిపోతాయి, చెవులకు అలవాటైపోతుంది, వేలికొస మాత్రం నిద్రపోదు అనేవాడు. ఆమె పదేళ్లదిగా ఉన్నప్పుడు రంపం దగ్గర తన పక్కన నిలబెట్టుకుని, ఆమె వేళ్లు తన వేళ్ల మీద పెట్టి ఆ గాలి చూపించాడు, తగిలిందా, ఇదే మూత, దేవుడిచ్చిన మూత అన్నాడు. తగిలింది. ఇప్పటికీ గుర్తుంది, తడివేలి మీద ఊదినట్టు. డిప్లొమా అయ్యాక ఒకరోజు ఆమే అంది, గాలిని నమ్ముకోవడమేంటి నాన్నా, ఇది పుస్తకంలో ఎక్కడా లేదు. నాన్న, లేదా, మీ మాస్టార్లు ఎప్పుడూ రంపం దగ్గర నిలబడలేదేమో పాపం అన్నాడు.

"ఇంజినీరమ్మా, పెట్టె గట్టిగా పట్టుకో. ఫారస్కూర్ దాటాక రోడ్డు రోడ్డులా ఉండదు" అన్నాడు మామయ్య.

ఇంజినీరు కాదు. పారిశ్రామిక భద్రతలో రెండేళ్ల డిప్లొమా. కానీ ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే, అందుకని ఇంజినీరమ్మ. నాన్నకు చదువు రాదు. అయినా ఆమెకు అరబ్బీ అక్షరాలు నేర్పింది ఆయనే, అదో విచిత్రం. బడిలో మాస్టారి చేత కాగితం మీద అక్షరాలు గీయించుకొచ్చి, మిగిలిన చెక్కముక్కల్లో ఒక్కొక్కటీ చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, సంచీలో వేసి ఇచ్చాడు. ఏది ఏ అక్షరమో ఆయనకు తెలియదు. వంపు తెలుసు. ఇది పడవలా ఉంది, కింద చుక్క పెట్టారు, ఇది ఏంటి తల్లీ అని అడిగేవాడు, ఆమె చెప్పేది, ఓహో అనేవాడు, మర్నాటికి మరిచిపోయేవాడు. కళ్లు మూసుకుని తడిమి అక్షరం చెప్పడం ఆ పిల్లకు ఆటగా ఉండేది. ఆ అక్షరాలన్నీ ఈ పెట్టెలో ఉన్న వేళ్లు పట్టిన ఉలితో పుట్టినవే. కుడిచెయ్యి కొయ్యసుత్తి కొడుతుంది, ఎంత కొట్టాలన్నది పెద్ద విద్య కాదు. ఉలి ఎటు వంగాలో, ఆకు ఈనె ఎక్కడ పల్చబడాలో, అదంతా ఎడమచేతి పని. ఎడమచెయ్యి పోతే నాన్న చెక్క మోసే మనిషి. ఆ సంగతి ట్రక్కులో ముగ్గురికీ తెలుసు.

డిప్లొమా చేతికొచ్చిన రోజు నాన్న దానికి చట్రం చెక్కాడు, వారం రోజులు పట్టింది, ఆకులూ తీగెలూ నాలుగు మూలలా పువ్వులూ, మీద బంగారు రేకు. కాగితం గోరంత, చట్రం కొండంత, పెళ్లికూతురి కంటే పల్లకీ పెద్దదయ్యిందే బావా అన్నాడు మామయ్య. దాన్ని ఇంట్లో కాదు, కార్ఖానాలో పెట్టించాడు, కొనడానికి వచ్చినవాళ్లంతా చూడాలని. దాని కిందే ఏడు లైన్ల అట్ట. అట్ట కొట్టినరోజు పనివాళ్లందరినీ నిలబెట్టి, అమ్మాయి చదువుతుంది వినండి అన్నాడు. ఆమె చదివింది. మూత అనగానే నవ్వారు. తోపుడు కర్ర అనగానే హంజా తన అరవేలు చూపించి, ఇది చాలదా తల్లీ తోయడానికి అన్నాడు, మళ్లీ నవ్వారు. నాన్న కూడా నవ్వాపుకోవడం చూసింది. సంచీలోంచి తొడుగుల జత తీసి నాన్న చేతిలో పెట్టింది. నీలం గుడ్డ, అరచేతిలో నారింజరంగు రబ్బరు, తన మొదటి జీతంలో కొన్నవి. నాన్న నవ్వలేదు. వాటిని తిప్పి తిప్పి చూసి, తొడుక్కుని, చేతులు పైకెత్తి అందరికీ చూపించాడు. వేళ్ల చివర కాస్త వెలితి ఉంది, ఒక సైజు పెద్దవి. ఆ ఏడింటిలో నాన్న పాటించింది ఆ ఒక్కటే. మిగతావన్నీ పనికి అడ్డం. ఇది కూతురు పెట్టింది.

షిర్బీన్ దగ్గర రైలు గేటు పడింది. మామయ్య స్టీరింగు మీద గుద్ది, ఇంజను ఆపి, దిగి గేటువాడితో ఏదో చెప్పబోయి, చేతులు ఊపి, తిరిగొచ్చి కూర్చున్నాడు. రోడ్డుకు రెండువైపులా వరి కోసేసిన మళ్లు, ఎక్కడో గడ్డి తగలబెట్టారు, పొగ నేలబారుగా పాకుతోంది. జామకాయల ఆవిడ బుట్టతో కిటికీ దగ్గరికి వచ్చింది. తీపి జామ, రాసెల్‌బర్ ఊరి జామ, అంటూ కాగితం పొట్లం చాచింది. నాన్న అలవాటుగా అందుకోబోయాడు. కట్టున్న చెయ్యి. ఆవిడ చూసి పొట్లం వెనక్కు తీసుకుని, మెల్లగా ఆయన ఒళ్లో పెట్టి, నయమవుతుంది అన్నా, ఊరికే తీసుకో, అని వెళ్లబోయింది. "ఊరికే ఎందుకమ్మా, బయూమీ, ఇవ్వు" అన్నాడు నాన్న. తర్వాత సమాహ్‌తో, "మీ అమ్మకు ఇష్టం. తనకిప్పుడే చెప్పొద్దు. అతికించాక చెబుదాం. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది" అన్నాడు.

అప్పుడు సమాహ్‌కు పెట్టె తెరవాలనిపించింది. ఇంతసేపూ ఎందుకు తెరవలేదో, భయమో, మామయ్య పదిలంగా అన్న మాట మీద నమ్మకమో. డిప్లొమా పుస్తకంలో తొంభయ్యో పేజీ దగ్గర బొమ్మలతో సహా ఉంది, తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టాలి, గుడ్డను సంచీలో మూటకట్టాలి, ఆ సంచీని మంచు మీద పెట్టాలి, మంచు నేరుగా తగలకూడదు. మూత తీసింది. ముందు చేపల నీచు, ఆ వెనకే ఏలకుల వాసన. మంచు నల్లగా ఉంది. చేతిరుమాలు ఒకటి మంచులోనే పడి ఉంది, తడిసి, బురదలా. విప్పింది. బురద కాదు.

"ఇదేంటి మామయ్యా?"

"కాఫీపొడి తల్లీ. ఏలకులు దంచి కలిపింది, మంచిరకం. చేతి మీద పోశాను, వెంటనే రక్తం కట్టింది. వీటికీ పోశాను. మా అమ్మ నా బొటనవేలికి అదే చేసింది, ఇరవై రెండేళ్లయింది, ఒక్క చుక్క చీము పట్టలేదు." ఆయన గొంతులో మెప్పు కోసం చిన్న ఎదురుచూపు. "మంచు కూడా సుబ్‌హీ చేపల కొట్లోది, పొద్దున్న దింపిందే. ఇంత నిండుగా పెట్టించాను."

ఆయన బొటనవేలు అతికిందా అని అడగలేదు ఆమె. అది అతికించడానికి ఉన్న వేలు కాదు, తెగిన చోటు మానడమే అప్పుడు కావాల్సింది. ఆ రెండింటికీ తేడా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. చెప్పాల్సింది తనే. ఏడు లైన్లలో అది లేదు, తెగాక ఏం చెయ్యాలో రాయడం అపశకునంలా తోచి రాయలేదు. వేళ్లు మైనపు కడ్డీల్లా తెల్లబడి గట్టిపడ్డాయి. గోళ్ల కింద కాఫీ. వేలి మొదళ్లలో తెగినచోట కండ రంపం కోసినట్టు లేదు, లాగి పీకినట్టుంది, నరాలు దారాల్లా వేలాడుతున్నాయి, వాటితో పాటు నిజం దారాలు కూడా, నీలంవి. చూసింది, చూడనట్టు ఉండిపోయింది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నాన్న తల పక్కకు తిప్పి రైలు వచ్చే వైపు చూస్తున్నాడు. తాగే నీళ్ల సీసాతో ఒక్కో వేలినీ కడిగింది, తన తలగుడ్డ కొస చించి తడిపి చుట్టింది, జామకాయల ఆవిడను కేకేసి పాలిథీన్ సంచీ అడిగి అందులో పెట్టి ముడేసింది, సంచీ మీద ఇంకో గుడ్డ వేసి అప్పుడు మంచు మీద పెట్టింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే. మూడు గంటలు ఆలస్యంగా. మామయ్య చూస్తూ కూర్చున్నాడు, కాఫీ నీళ్లు ఆమె ఒళ్లోంచి కాళ్ల మీదికి కారుతుంటే ఆయన ముఖంలో మెల్లగా అర్థం కావడం మొదలయింది.

"తప్పు చేశానా తల్లీ?"

ఆ మాటకు జవాబు నోటిదాకా వచ్చింది. అవును మామయ్యా, చంపేశావు, వేళ్లను చంపేశావు అని అరవడానికి ఊపిరి కూడా తీసుకుంది. అప్పుడే నాన్న, పట్టాల మీద నుంచి చూపు తిప్పకుండా, "వాడిని ఏమీ అనకు. వాడి తెలివి అంతే" అని, కట్టున్న చెయ్యి కాస్త పైకెత్తి అన్నాడు, "తొడుగులు వేసుకునే ఉన్నానమ్మా. నువ్విచ్చినవి. అందరూ చూశారు. అవి లేకపోతే మణికట్టు దాకా పోయేదే. రెండు వేళ్లు మిగిలాయంటే నీ చలవే."

రైలు వచ్చింది, పోయింది, గేటు లేచింది, ట్రక్కు కదిలింది, సోఫా చట్రాలు మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి, ఏడో లైను ఇక పక్కకు తప్పుకోలేదు. చేతితొడుగులు వేసుకోవాలి. పుస్తకంలో ఆ వాక్యం అక్కడ ఆగదు. చెక్కలు మోసేటప్పుడు చేతితొడుగులు వేసుకోవాలి, తిరిగే యంత్రం దగ్గర మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, గుడ్డను పళ్లు పట్టుకుంటే గుడ్డతో పాటు చెయ్యి లోపలికి పోతుంది. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. నిండు మార్కులు వచ్చాయి. అట్ట మీద రాస్తున్నప్పుడు ఆ రెండో సగం తెలుసు, చేతిలో మార్కరు ఉంది, కింద రెండు వేళ్ల జాగా కూడా ఉంది. కానీ లైను పొడుగైతే నాన్న వినడు, వేసుకోవాలనీ వేసుకోకూడదనీ ఒకే నోటితో అంటే హంజా నవ్వుతాడు, ఏదో ఒకటి తేల్చుకో తల్లీ అంటాడు. అక్షరాలు అందంగా పడ్డాయి, ఏడు లైన్లు సమానంగా వచ్చాయి. చెక్కలు మోసేటప్పుడే గదా వేసుకుంటాడు అనుకుంది. అనుకుంది, అంతే. వేలికొసన వెలితి ఉన్న తొడుగు. గాలి తగలని వేలు. నలభై ఏళ్లు ఆ గాలిని నమ్ముకున్న చెయ్యి. ఆయన చేతికి ఉన్న ఒక్క మూతను తను గుడ్డతో కప్పేసింది, మొదటి జీతంతో.

మన్సూరా ఇంకా ముప్పై కిలోమీటర్లు. చెప్పాలి. నాన్నా, తొడుగు కాపాడలేదు, తొడుగే లాగింది, నేను రాసింది సగమే. ఇంత చిన్న మాట. ఒకసారి మొదలుపెట్టి నాన్నా అంది, ఏంటి తల్లీ అన్నాడు, నొప్పిగా ఉందా అంది. ఉంటుంది గదా అన్నాడు. ఇంకోసారి మామయ్యను కలుపుకుని మనసులో మాటలు కూర్చుకుంది, మామయ్య కాఫీ పోశాడు, నేను తొడుగిచ్చాను, ఇద్దరం ప్రేమతోనే, అని. ప్రేమతోనే అన్న మాట పలకడానికి సిగ్గేసింది, అది తనకు చదువులో ఎవరూ నేర్పని మాట. మామయ్యకు క్షమ ఉంది, ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు. తెలిసి సగం రాయడానికి ఏ పేరు పెట్టాలో పుస్తకంలో లేదు. కాలవ గట్టు మీద గేదెలు. స్పీడ్ బ్రేకరు. తల్ఖా వంతెన మీద ట్రక్కు ఎక్కినప్పుడు కింద నైలు కదలనట్టే ఉంది. నాన్న జామకాయ ఒకటి కుడిచేత్తో తుడిచి ఆమెకు ఇచ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండవు, అన్నాడు. కొరికింది. కాఫీ రుచి వచ్చింది, చేతులకు అంటింది గదా.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నలభై దాటిన మనిషి, కళ్ల కింద నలుపు, మాట మెత్తన. సంచీ విప్పి దీపం కింద ఒక్కో వేలినీ తిప్పి చూసింది. నొక్కింది. వాసన చూసింది. కట్టు విప్పి చేతిని చూసింది. బల్ల మీదికి వంగి చాలాసేపు ఉండి, లేచి, "మేస్త్రీ, ఇవి అతకవు" అంది.

"ఒక్కటైనా?" నాన్న బేరం ఆడుతున్నవాడిలా ముందుకు జరిగాడు. "చూపుడువేలు చాలమ్మా. ఉలి ఆనడానికి ఒక్కటి. మిగతా రెండూ మీరే ఉంచేసుకోండి."

"ఒక్కటీ కాదు. మంచు తగిలి గడ్డకట్టాయి. అది లేకపోయినా కష్టమే. కోత కాదిది, పీకుడు. నరాలు లోపలి నుంచి ఊడివచ్చాయి." సన్నటి పట్టకారుతో గాయంలోంచి ఒక నీలం పోగు తీసి తెల్లగుడ్డ మీద పెట్టింది. "తొడుగు వేసుకుని రంపం మీద చెయ్యి పెట్టావా? ఎవరు చెప్పారు నీకు?"

సమాహ్ నోరు తెరిచింది.

"ఎవరు చెబుతారు డాక్టరమ్మా, నా మొండితనం" అన్నాడు నాన్న, ఆమె వైపు చూడకుండానే, తొందరగా. "చలికాలం వస్తోంది గదా, వేళ్లు బిగుసుకుంటున్నాయని వేసుకున్నాను. మా అమ్మాయి వద్దనే చెప్పింది. తనది ఈ చదువే, డిప్లొమా ఉంది. గోడకు కూడా రాసి కొట్టింది. నాకే చదవడం రాదు."

చలికాలానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఆ గదిలో అది అందరికీ తెలుసు. దారిలో ఆయన చెప్పిన మాట, తొడుగు లేకపోతే మణికట్టు దాకా పోయేది, నీ చలవే, అదంతా ఏమిటో సమాహ్‌కు అప్పుడు తెలిసింది. రంపం గాలిని పసిగట్టే మనిషికి, పళ్లు ముందు పట్టుకున్నది గుడ్డో వేలో తెలియకుండా ఉంటుందా. పదిన్నరకే తెలుసు. రక్తం కారుతుండగానే తెలుసు. తెలిసి, ఆ అరవై కిలోమీటర్ల దారిలో తనకు కావాల్సిన వేళ్ల గురించి కాక, గోడ మీది బంగారు చట్రం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటూ తల ఎత్తింది. "నిజమేనా అమ్మా? నువ్వు వద్దని చెప్పావా?"

మామయ్య నేల చూస్తున్నాడు. నాన్న ఆమె వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, చిన్నప్పుడు ఇది ఏ అక్షరం తల్లీ అని అడిగినప్పుడు ఉండే చూపు కాదు, దానికంటే పెద్దది, దానికంటే బరువు.

సమాహ్ తల ఊపింది.

డాక్టరమ్మ రాసుకుంది. మూడు వేళ్లనూ గుడ్డలో చుట్టి ఇచ్చారు, పూడ్చిపెట్టుకోవడానికి. మామయ్యే పట్టుకున్నాడు.

ఇది చదివినవాళ్లకు ఒక్క మనవి. దమియెట్టా కుర్చీల మీద, మంచాల మీద కొట్టువాడి పేరు ఉంటుంది, చెక్కినవాడి పేరు ఉండదు. అందుకని పేరు చెబుతున్నాను. షహాతా. యాభైనాలుగేళ్ల దాకా పదివేళ్లతో పనిచేసిన మేస్త్రీ. మీకు తెలిసినవాళ్లెవరైనా తిరిగే రంపం ముందు తొడుగులు తొడుక్కుంటుంటే ఆపండి, విప్పించండి, ఎందుకని అడిగితే ఆయన పేరు చెప్పండి. ఎవరిచ్చిన తొడుగులని అడిగితే మాత్రం చెప్పకండి, ఆయనకు ఇష్టం ఉండదు. షహాతాను గుర్తుపెట్టుకోండి, చాలు.